పుంజు ఎవరి పిలుపుకొస్తే వాళ్లది

కాలువ గట్టు మీద టర్కీ ఈకలు కనపడిన రోజు నుంచీ మా ఇంటికీ, పక్కింటి దుర్గాంబ ఇంటికీ మధ్య ఒకటే గొడవ. కుక్క లాక్కుపోయింది ఎవరి పుంజుని? మిగిలింది ఎవరి పుంజు?

రెండింటినీ పిల్లలుగా ఉన్నప్పుడు కంకిపాడు నుంచి ఒకే బుట్టలో తెచ్చుకున్నాం, ఇంటికొకటి. పెరిగాక రెండూ ఒకే నలుపు, మెడకింద ఒకే ఎర్ర తోలు, నడకలో ఒకే పెద్దరికం. పగలంతా రెండు దొడ్లూ వాటి తాతగారివే అన్నట్టు తిరిగేవి. ఇప్పుడు మిగిలినది కూడా అంతే. పొద్దున మా గడ్డివామి దగ్గర ఉంటుంది, మధ్యాహ్నానికి వాళ్ల జామచెట్టు కిందకి చేరుతుంది, కుక్క భయానికేమో రాత్రికి ఏ గూటికీ రాకుండా గోడెక్కుతుంది. నాకూ టర్కీ పెట్టలున్నాయి, దుర్గాంబకూ ఉన్నాయి. పుంజు లేకపోతే ఆ గుడ్లు అట్టు పోసుకోవడానికి తప్ప పొదగెయ్యడానికి పనికిరావు. అందుకని ఇద్దరం తగ్గలేదు.

"నా పుంజుకి కుడికాలి గోరు వంకర వదినా, కావాలంటే చూసుకో" అంది దుర్గాంబ.

"మీ దొడ్లో రాళ్ల మీద తిరిగితే ఎవరి గోరైనా వంకర పోతుంది. నాదీ మీ దొడ్లోనేగా తిరిగింది?" అన్నాను.

మా ఆయన రామకోటేశ్వరరావు గారు పడక్కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పేశారు. "గింజలు చూపించకూడదు. రేపు సాయంత్రం చెరో వైపు నిలబడి పిలవండి. పుంజు ఎవరి పిలుపుకొస్తే వాళ్లది. నాక్కూడా పొద్దుపోతుంది."

లోలోపల సంబరపడ్డాను. నా దగ్గర పీక ఉంది కదా!

మా కూతురి కూతురు సుస్మిత పటమటలో నర్సుగా చేస్తోంది. ఏదో దేశంలో వేటగాళ్లు నోట్లో పీక పెట్టుకుని అడవి టర్కీలను పిలుస్తారని ఒకసారి ఫోనులో చూపించింది. చూస్తే చేతనయ్యే పనే. కూల్‌డ్రింకు డబ్బా రేకుని చిన్న లాడంలా కత్తిరించి, దాని మధ్యలో పల్చటి రబ్బరు సాగదీసి బిగించి, చుట్టూ ప్లాస్టరు అంటించడమే. అంగిట్లో ఆనించి ఊదితే టర్కీ పెట్ట పిలిచినట్టు కూస్తుంది. రబ్బరు కోసం సుస్మిత మందుల షాపులో డాక్టర్ల చేతి తొడుగులు కొనిచ్చేది. ఈ కుక్క గొడవ వచ్చేదాకా రోజూ సాయంత్రం నా టర్కీలను గూటికి చేర్చుకునేది ఆ పీకతోనే.

తీరా తీసి చూస్తే, ఉన్న ఒక్క పీకా ఎండకి కరిగి బంకబంకగా తయారైంది. కొత్తది చేద్దామని కూర్చున్నాను. ఈ తొడుగులతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఒక పెట్టెలోవి ఉల్లిపొరలా ఉంటాయి, ఇంకో పెట్టెలోవి ఎద్దుతోలులా ఉంటాయి. ఒకే తొడుగులో అరచెయ్యి ఒక మందం, వేళ్లు ఒక మందం. కొలబద్ద పెట్టి లాభం లేదు. బిగించాక గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటే ఇంకా లాగమనో, చాలనో అదే చెబుతుంది. ఈసారి పెట్టెలోవి నీలం రంగువి. లాగితే సాగుతున్నాయి గానీ, వెనక్కి రావడానికి బద్ధకిస్తున్నాయి.

అరచేతి ముక్కతో మొదటిది చేసి ఊదాను.

"ఏమేవ్, ఎవరి దూడైనా తప్పిపోయిందా?" అన్నారు మా ఆయన.

వేలి ముక్కతో ఇంకోటి చేశాను.

"గుణదల తిరనాళ్లలో బూరలమ్మేవాడు ఇటొచ్చాడేంటి?"

ఇంకాస్త బిగించాను. గాలి తప్ప కూత రాలేదు.

"ఇది బ్రహ్మాండంగా ఉంది. రోజూ ఇదే ఊదుకో."

సుస్మితకి ఫోను చేస్తే, "ఆ పాత రకం రావట్లేదు అమ్మమ్మా. పుట్టినరోజు బుడగలు కత్తిరించి చూడు" అంది. చూశాను. ఎర్ర బుడగ కీచుమంది, పసుపుది ఆవలించింది. చివరికి నీలం తొడుగు ముక్క మీద ఎర్ర బుడగ ముక్క వేసి బిగిస్తే, జలుబు చేసిన టర్కీ పెట్ట పిలిచినట్టు వచ్చింది. అదే మహాభాగ్యమనుకున్నాను.

మర్నాడు సాయంత్రం పుంజు సందు మధ్యలో నిలబడి ఉంది. దుర్గాంబ అటు, నేను ఇటు. చూస్తే దుర్గాంబ చేతిలో ఫోను!

"ఇదేంటి వదినా?"

"గింజలొద్దన్నారు. ఫోనొద్దని అన్నయ్యగారు అనలేదుగా?"

ఫోనులోంచి అసలు సిసలు టర్కీ పెట్ట పిలిచింది. ఎంత బాగా పిలిచిందంటే, నేనే వెళ్లిపోదునేమో! పుంజు మెడ చాచి దుర్గాంబ వైపు అడుగు వేసింది. ఈ ఏడు నా గూట్లో టర్కీ పిల్లలు లేనట్టేననుకుని, ఊపిరంతా కూడగట్టి ఊదాను. సగం కూత బాగానే వచ్చింది. అంతలో ఎర్ర ముక్క ఒక వైపు జారి, తుర్రుమని నాలుకకి అతుక్కుంది. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

ఆ ముక్క ఉమ్మేసి, "ఛీ! నీ మొహం మండ!" అన్నాను రబ్బరుని.

పుంజు గిరుక్కున తిరిగింది. తోక విసనకర్రలా విప్పి, బుడబుడమని అరుచుకుంటూ పరుగున వచ్చి నా చీర కుచ్చెళ్ల దగ్గర నిలబడింది.

"అది తిట్టుకొచ్చింది! పిలుపుకు కాదు! చెల్లదు!" అని అరిచింది దుర్గాంబ.

"చెల్లుతుంది చెల్లెమ్మా. ఇన్నాళ్లూ రబ్బరు కొద్దీ రోజుకో కూత కూసింది మా ఆవిడ. మధ్యలో తెగినప్పుడల్లా ఇదే అనేది. రబ్బరు మారింది గానీ తిట్టు మారలేదు. పాపం అది దాన్నే పిలుపనుకుంది. నన్నూ అలాగే పిలుస్తుంది, నేను రావట్లేదూ?" అన్నారు మా ఆయన.

దుర్గాంబ నవ్వబోయి ఆగిపోయింది. చచ్చింది తన పుంజేనని అప్పటికి నమ్మినట్టుంది. ఫోను కొంగులో పెట్టుకుని లోపలికి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"మధ్యాహ్నం మీ దొడ్డికి రానిస్తాను వదినా. నీ పెట్టలేం పాపం చేశాయి?"

"రానిస్తే సరా? నేను పిలిస్తే రావద్దూ?"

"పీక కంటే తేలిక. అను చూద్దాం, నీ మొహం మండ!"

దుర్గాంబ పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ ఒక్క తిట్టు తిట్టలేదు. కొంగు సర్దుకుని, పుంజు వైపు వంగి, "నీ మొహం మండా, నాయనా" అంది.

పుంజు కదల్లేదు.

"నాయనా ఎందుకే మధ్యలో! మళ్లీ అను" అన్నాను.