వెనక గిటారు

పెట్టె లోపల పసుపు తీగ దానంతటదే తెగలేదు, ఎవరో కోశారు.

అనిల్ కుమార్ టేబుల్ లైటు దగ్గరికి లాక్కుని మళ్లీ చూశాడు. లాగితే తెగిన తీగలో రాగి పోగులు ఒక్కొక్కటీ ఒక్కో పొడవున విచ్చుకుని ఉంటాయి. ఇవి అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. పదునైన కట్టరు, ఒకే ఒక్క నొక్కు. కోసిన చోటు కనపడకుండా దాని మీదికి నల్ల ప్లాస్టిక్ గొట్టం లాంటి స్లీవు జరిపి పెట్టారు. ఆ స్లీవే పొద్దుటి నుంచి అతన్ని మోసం చేసింది.

తాడేపల్లిగూడెంలో అతనిది చిన్న రిపేరు షాపు. కొల్లేరు చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల ప్యానెళ్లు బాగుచెయ్యడం బతుకుతెరువు. గిటారుకి తగిలించే సౌండు పెట్టెలు తయారుచెయ్యడం ఇష్టం. ఈ పెట్టె డిలే పెడల్. గిటారు మీద ఒక స్వరం మీటితే దాన్ని పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, కాస్త మెల్లగా మళ్లీ వినిపిస్తుంది. గోడల్లో బిగించే ఇనప స్విచ్ బాక్సులో దాన్ని కూర్చి, చర్చి క్వయర్‌లో వాయించే బెంజమిన్‌కి ఇచ్చాడు.

పోయిన వారం నల్లజర్ల సువార్త సభల్లో, మైదానం నిండా జనం ఉండగా, మొదటి పాటకే అది మొరాయించింది. పెట్టె అలవాటయ్యాక బెంజమిన్ సగం స్వరాలే వాయిస్తున్నాడు. మిగతా సగం పెట్టె నింపుతుంది. ఆ సాయంత్రం నింపలేదు. పాట పళ్లూడిన దువ్వెనలా తయారైంది. కాసేపు పెనుగులాడి బెంజమిన్ చెయ్యి ఆపేశాడు.

క్వయర్ నడిపే స్నేహలత ఎవరినీ గట్టిగా ఒక మాట అనదు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ అనిల్‌తో మెత్తగానే చెప్పింది.

"అన్నయ్యా, ఏమీ అనుకోకండి. ఇంట్లో చేసినవి ఇంట్లో వాయించుకుందాం. స్టేజి మీదకి కంపెనీది తెచ్చుకుంటాం."

అనిల్ సోల్డరింగ్ ఊడిపోయిందని చర్చి అంతా అనుకున్నారు. ఆ మాట ఏలూరు దాకా పాకింది. ఇలాంటి పెట్టెలే కావాలని అడిగిన రెండు క్వయర్ల వాళ్లు ఫోను ఎత్తడం మానేశారు. బెంజమిన్ పెట్టె తెచ్చి షాపు టేబుల్ మీద పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అనిల్‌కి కావలసింది ఒక్కటే. తన చేతి పని చెడిపోలేదని స్నేహలత నోట, అదే చర్చిలో, అందరూ వినాలి.

అందుకే ఇవాళ షాపు తలుపు సగం మూసి కూర్చున్నాడు. అడాప్టర్ మార్చాడు. కేబుళ్లు మార్చాడు. చిప్ పీకి కొత్తది గుచ్చాడు. లాభం లేకపోయింది. చివరికి ఒక తీగని స్పీకరుకి కలిపి, రెండో కొనతో పెట్టెలో ఒక్కో చోటా తాకిస్తూ సిగ్నల్ ఎంతవరకూ వస్తోందో విన్నాడు. చిప్ దగ్గర వెనక స్వరం చక్కగా పలికింది. పసుపు తీగ అవతలి కొన దగ్గర నిశ్శబ్దం. స్లీవు వెనక్కి లాగాడు. బయటపడింది.

ఫోనులో ఫొటో తీసుకున్నాడు. స్నేహలతకి పంపబోయి ఆగాడు. ఎవరు కోశారని అడుగుతుంది కదా.

పెట్టెని పాడుచెయ్యాలనుకున్నవాడు కరెంటొచ్చే ఎర్ర తీగ కోస్తాడు. గిటారే మూగబోతుంది. ఇతనెవరో గిటారు జోలికి పోలేదు. వెనకొచ్చే స్వరాన్ని మాత్రమే తీసేశాడు. అది కూడా మధ్యాహ్నం సౌండ్ చెక్కుకీ సాయంత్రం సభకీ మధ్య. మధ్యాహ్నం పెట్టె బ్రహ్మాండంగా పలికింది, తను స్వయంగా విన్నాడు.

అనిల్‌కి మొదట గుర్తొచ్చినవాడు గోపీనాథ్. ఆ సభలకి మైకులు పెట్టినవాడు. పెట్టెని చూసి, ఈ టిఫిను డబ్బాలో పులిహోర పట్టదేమోనండీ అని స్టేజి మీదే నవ్వినవాడు. అనిల్ పెట్టెని సంచీలో వేసుకుని ఏలూరు బస్సెక్కాడు.

గోపీనాథ్ గొడౌన్లో కేబుళ్లు చుట్టుకుంటున్నాడు. ఫొటో చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"నాకు ఎకో కావాలన్నా వద్దన్నా మిక్సర్ మీద నాబ్ తిప్పుకుంటానండి. మూతలు విప్పి తీగలు కోసుకునేంత తీరిక నాకుంటే మా ఆవిడ కూరలు తరిగించుకుంటుంది."

అనిల్‌కి నవ్వు రాలేదు. మధ్యాహ్నం స్టేజి మీద ఎవరున్నారని అడిగాడు. అందరూ భోజనాలకి వెళ్లారని చెప్పాడు గోపీనాథ్.

"మీ మాస్టారు ఒక్కరే ఉండిపోయారండి. సామాను నేను చూసుకుంటాను, మీరెళ్లి తినండి అన్నారు. పెద్దాయన కదా అని ప్లేటు పైకే పంపించాను. ముట్టుకోలేదు పాపం."

తిరుగు బస్సులో అనిల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన కాకూడదనుకున్నాడు. కానీ లెక్క తేలిపోతోంది.

యోసేపు మాస్టారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అనిల్ వేళ్లకి గిటారు పట్టు నేర్పింది ఆయనే. తన ఊరి నుంచి ప్రతి ఆదివారం బస్సులో తాడేపల్లిగూడెం వచ్చి, క్వయర్‌లో ఏళ్ల తరబడి వెనక గిటారు వాయించారు. ముందువాడు ఏది మీటితే దాన్ని ఒక్క క్షణం ఆలస్యంగా, అతని కన్నా మెల్లగా తిరిగి మీటడం ఆయన పద్ధతి. విన్నవాళ్లకి ముందువాడి గిటారే గొప్పగా ఉన్నట్టుండేది. పెట్టె వచ్చాక స్నేహలత ఆయనతో కూడా మెత్తగానే చెప్పింది, ఇంత దూరం శ్రమ దేనికి మాస్టారూ, ఇకనుంచి బల్ల మీద కూర్చుని విందురుగాని అని. ఆయన నవ్వి సరేనమ్మా అన్నారు. అప్పుడు అనిల్ పక్కనే ఉన్నాడు. పెట్టె మీద నాబ్ సరిచేసుకుంటూ ఆ నాబ్ గురించే ఆలోచించాడు.

ఇంకొకటి కూడా ఉంది. పెట్టె పూర్తయిన రోజున మూత తీసి లోపల చూపించింది ఈ ప్రపంచంలో ఒక్కరికే. వెనక స్వరం ఈ పసుపు తీగలోంచే వస్తుందండీ అని వేలు పెట్టి మరీ చూపించాడు.

ఉంగుటూరులో దిగి కొల్లేరు వైపు వెళ్లే ఆటో ఎక్కాడు. మాస్టారి ఇంటి వెనక నుంచీ చేపల చెరువులే. ఏరేటర్లు నీళ్లు చిలుకుతున్న చప్పుడు వరండాలోకి వినిపిస్తోంది. ఆయన కుర్చీలో ఉన్నారు. అనిల్ చేతిలో పెట్టె చూసి, వందనాలు నాయనా అన్నారు, కళ్లు మాత్రం పైకెత్తలేదు.

ఆయన భార్య హన్నమ్మ మజ్జిగ తెచ్చింది. అనిల్‌ని చూసి సంబరపడింది.

"సభలకి నేను రాలేకపోయాను బాబూ. ఈయన గిటారుకి కొత్త తీగలు ఎక్కించుకుని మరీ వెళ్లారు. బాగా వాయించారా?"

అనిల్ గ్లాసు అందుకున్నాడు. ఆ సాయంత్రం పాట జరిగేటప్పుడు స్టేజి మీద ఆయన లేరు. మైదానం చివర మిక్సర్ పక్కన నిలబడ్డ తనకి స్టేజి కింద ఎవరున్నారో కనపడలేదు. పాట బాగా జరిగిందండీ అన్నాడు. ఆమె తృప్తిగా లోపలికి వెళ్లింది.

మీరే కోశారా అని అడగడానికే వచ్చాడు. పేరు చెబితే తన పరువు నిలుస్తుంది, ఈయన బల్ల మీద కూడా కూర్చోలేరు. చెప్పకపోతే తన చేతి మీద ఇక ఎవరికీ నమ్మకం ఉండదు. చివరికి వేరే మాట వచ్చింది.

"ఇందులో స్వరం ఎంత ఆలస్యంగా రావాలో నాకు తెలియలేదండి. మీరు వాయించిన పాత రికార్డింగులు పెట్టుకుని, అచ్చం మీలాగే వచ్చేదాకా సరిచేశాను. ఇది మీ చెయ్యేనండి మాస్టారూ. మీకు చూపించిన రోజే ఈ సంగతి చెప్పి ఉండాల్సింది."

మాస్టారు పెట్టె కోసం చెయ్యి చాపారు. దాన్ని ఒళ్లోకి తీసుకున్నారు. హన్నమ్మ వినకుండా గొంతు తగ్గించి చెప్పారు.

"కోసింది నేనే నాయనా. సంచీలో గిటారు తీగల కట్టరుంది. మూత విప్పేటప్పుడు చేతులు వణికేయి. కోసేటప్పుడు వణకలేదు, అది చెప్పుకోడానికే సిగ్గుగా ఉంది. పాట చెడిపోవాలని కాదురా. ఖాళీలొస్తాయి, అప్పుడు స్నేహలత ఇటు చూసి, మాస్టారూ పైకి రండి అంటుందనుకున్నాను. గిటారు శ్రుతి చేసుకుని స్టేజి మెట్ల పక్కనే కూర్చున్నాను. బెంజమిన్ ఆపేశాడు. ఆ పిల్ల ఇటు చూడనే లేదు. చప్పట్లు కొట్టండి అంది. జనం చప్పట్లతో అందుకున్నారు. ఏ గిటారూ లేకుండా చివరిదాకా పాడేరు, బాగానే పాడేరు. నాది నేను సంచీలో పెట్టేసుకున్నాను. ఆదివారం నీ పని మంచిది కాదని నీ ముందే అన్నారు చూడు, అప్పుడైనా లేచి చెప్పొచ్చు. లేవలేదు. బల్ల మీద కూర్చుని, అందరితో పాటు నేనూ తలూపేను."