పోలేరమ్మ చెవి మిషను

ఆ పొద్దుటి గొడవ ఆవకాయ జాడీకి వాసెన కట్టలేదన్న దగ్గర మొదలైంది.

“జాడీ దించింది నువ్వేగా? గుడ్డ తీసి అట్టాగే వదిలేశావు. బూజు పడితే ఏడాది పచ్చడి పెంటపాలు!” అంది పోలేరమ్మ, పప్పులో రాళ్లు ఏరుతూ.

“నేను కట్టాను అత్తా!” అని గొంతు చించుకుంది కోడలు సీతారావమ్మ.

పోలేరమ్మ పడుచుతనమంతా మాచర్ల నాపరాళ్ల క్వారీలో గడిచింది. రాళ్లు పేల్చే మోతకు చెవులు దెబ్బతిన్నాయి. అందుకని ఆ ఇంట్లో మాట రెండు రకాలు: ఆమెతో అరిచేది, ఆమె పక్కనే గొణుక్కునేది. నరసరావుపేటలో బి.ఏ. చదివిన సీతారావమ్మ బయట ఎవరినీ పల్లెత్తు మాట అనదు. ఆమె నోటి చేదంతా ఆ రెండో రకానికే పోయేది. అది తప్పని ఆమెకు ఏనాడూ తోచలేదు.

ఇప్పుడూ అటు తిరిగి మామూలుగానే గొణిగింది. “ఆ చెవులతో పాటు నోరూ పడిపోతే బాగుండేది. ఎప్పుడు చస్తదో ముసల్ది.”

చేటలో అత్త చెయ్యి ఆగిపోయింది. ఆమె తలెత్తి కోడలి వంక చూసింది. పైట చాటునుంచి చెవిదాకా పాకిన తీగ అప్పుడు కనపడింది సీతారావమ్మకు.

మొన్న మరిది అంకమ్మరావు తెచ్చిన మిషను! మద్రాసులో అతనిది మనిషి ఒంటికి మిషన్లు కనిపెట్టే చదువు. అక్కడ ఒకాయన గుండెకు కవాటాలు చేస్తాడట, ఒకమ్మాయి మోకాలికి కీలు తయారుచేస్తుందట. అంకమ్మరావుకూ వాళ్ల సారుకూ చెవుల మీదే ధ్యాస. అంగట్లో దొరికేవి చప్పుళ్లన్నీ పెంచుతాయి, మాటొక్కటే పైకి తేవాలి అంటాడు. తన చేత్తో చేసిన తొలి పెట్టె అమ్మ కోసం తెచ్చాడు. దాన్ని పెట్టి మెడలో వేలాడేసుకునే గుడ్డ సంచీ కుట్టింది సీతారావమ్మే. అయినా ఏళ్ల అలవాటు కొద్దీ నాలుక ఆగలేదు.

పోలేరమ్మ చెవిలో బుడిపె తీసి, తీగ చుట్టి, సంచీలో పెట్టేసింది.

“పనిచెయ్యదురా ఇది. గుయ్యిమంటది, అంతే” అంది మధ్యాహ్నం కొడుకుతో.

“ఏందమ్మా, నిన్న రేడియో విన్నావుగా!”

“నీ మనసు కష్టపెట్టటం ఎందుకని విన్నానన్నాలే.”

అంకమ్మరావు సెల్లు మార్చాడు, పెట్టె విప్పి మళ్లీ బిగించాడు. ఎన్నిసార్లు చెవిలో పెట్టినా ఆమె తల అడ్డంగానే ఊపింది.

“సారుకేం చెప్పను వదినా? కన్నతల్లికే వినపడని మిషను ఇంకెవరికి?” అన్నాడు. సీతారావమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. అత్త నాలుగు తిట్టినా, కొడుకులతో చెప్పినా తేలికయ్యేది. తనూ ఓ మాట అనేది. కోడలి పరువు కాపాడటానికి కన్నకొడుకు కష్టాన్నే కాదంటోంది ముసలామె! సీతారావమ్మకు చెవులదాకా వేడెక్కింది.

సాయంత్రం అత్త పక్కన కూర్చుని, “తప్పయిందత్తా” అంది మెల్లగా.

“ఏందీ?” అంది పోలేరమ్మ.

ఆ మాట మళ్లీ నోట రాలేదు. తిట్టు గొణిగితే సరిపోయింది. తప్పయిందన్న మాట మాత్రం వీధంతా వినేట్టు అరవాలి.

రాత్రి నలుగురూ అన్నాలకు కూర్చున్నారు. “రేపు పోయి సారుతో చెప్పేస్తా. చెవుల పని వదిలేసి మోకాళ్ల వాళ్లలో కలుస్తా” అన్నాడు అంకమ్మరావు.

సీతారావమ్మ గరిటె కింద పెట్టింది. అత్త వైపు తిరిగి గొంతెత్తింది.

“మిషను బాగానే పనిచేస్తది! పొద్దున అత్తను ఎప్పుడు చస్తదోనని గొణిగా నేను. అది వినే తీసేసింది!”

“ఏందే నువ్వనేది?” అన్నాడు భర్త చిన్నకోటయ్య.

“అరవమాకే పిచ్చిదానా, వీధి వింటది” అంది పోలేరమ్మ కంగారుగా.

“విననీ అత్తా! తప్పు నాది!” అని, మరిది వైపు తిరిగింది. “నువ్వేం మానొద్దు. రేపు అత్తను తీసుకుని నేనూ మద్రాసు వస్తున్నా. ఏ మాట ఆమెకు వినపడిందో మీ సారుకు నేనే చెబుతా.”