కుడి కాలి బోల్టు

మూడో దెబ్బకు చప్పుడు మారింది. శ్రీదుర్గ సుత్తి పక్కన పెట్టి, తలకిందులుగా నిలబెట్టిన సైకిలు మీదికి వంగి చూసింది. ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టి ఉంచే ఫోర్కుకు కుడి కాలి చివర బోల్టు తల ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

ఆరు పలకల ఎలన్ కీ పెట్టి తిప్పింది. కీ జారింది. మళ్లీ పెట్టి బలంగా తిప్పింది. బోల్టు తలలోని ఆరు అంచులూ అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఇక ఏ కీ పట్టదు. ఫోర్కు కాలు ఊడి రాదు, తిరిగి బిగిసీ కూర్చోదు.

శ్రీదుర్గ భీమవరం పక్క ఊళ్లో హైస్కూలు పీఈటీ. సైకిలు పూజితది. ఆమె దగ్గరే పదో తరగతి దాకా చదివి ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న పిల్ల. తల్లి వీరమ్మ రొయ్యల షెడ్డులో తలలు వలుస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ ఒకాయన తొక్కి పక్కన పెట్టిన కొండ సైకిలును పూజితకు ఇప్పించింది శ్రీదుర్గే. కొండల్లేని ఊళ్లో కొండెక్కడం నేర్పింది కూడా ఆమే. రోజూ తెల్లవారగానే రైల్వే వంతెన ఎక్కించి దింపేది, తర్వాత కాలవ గట్ల మీద గుంటల్లో తొక్కించేది.

మర్నాడు పొద్దున్న మారేడుమిల్లిలో కొండ సైక్లింగు రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ. ముగ్గురు అమ్మాయిలనే తీసుకుంటారు. పూజితకు త్వరలో పద్దెనిమిది నిండుతాయి కాబట్టి ఈ జూనియర్ విభాగంలో ఇదే ఆఖరిసారి. ఆ రోజే పన్నెండింటికి బస్సు. సాయంత్రం ఏడు లోపు సైకిలు తనిఖీకి చూపించాలి.

వారంగా వానలు. బురద చేరి ఫోర్కు కిందికి దిగితే పైకి లేవడం లేదు. సర్వీసు చేసి పెడతానని శ్రీదుర్గే ముందు రోజు సైకిలు ఇంటికి తెచ్చుకుంది. కొత్త ఆయిల్ సీళ్లు తెప్పించి ఉంచింది. లోపలి రాడ్డు నుంచి కింది కవచం ఊడి రావాలంటే బోల్టును మూడు చుట్లు వదులు చేసి ప్లాస్టిక్ సుత్తితో తట్టాలని ఆమెకు తెలుసు. ఎడమ కాలు అలాగే వచ్చింది. కుడిది కదలకపోయేసరికి బోల్టును ఇంకా వదులు చేసింది. రెండు మరల మీద మాత్రమే అది నిలిచి ఉండగా ఇంట్లో ఉన్న ఇనప సుత్తి అందుకుంది. ఆ రెండు మరలూ నలిగిపోయాయి.

భీమవరంలో తెలిసిన సైకిలు షాపులన్నిటికీ ఫోన్ చేసింది. అలాంటి బోల్టు చూడనే లేదన్నారు. విజయవాడలో ఒకాయన, తెప్పించడానికి వారం పడుతుందండి అన్నాడు.

ఎనిమిదిన్నరకు పూజిత బ్యాగు భుజాన వేసుకుని వచ్చింది. విడిపోయిన చక్రాన్నీ, గచ్చు మీద నూనెనూ చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఏమైంది మేడమ్?"

"బోల్టు పాడైంది. పాతది కదా, తుప్పు పట్టి ఉంది" అంది శ్రీదుర్గ.

"నా వల్లే అయ్యుంటుందండి. మొన్న గట్టు దగ్గర నీళ్లలో దించేశాను. వద్దని మీరు చెప్పారు కూడా."

శ్రీదుర్గ గచ్చు మీది నూనె తుడిచింది. "పద, లేతు షాపుకి వెళ్దాం" అంది.

రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు బాగుచేసే భాస్కరం గారి లేతు షాపు బైపాస్ రోడ్డు మీద ఉంది. వాళ్లు సైకిలుతో వెళ్లేసరికి ఆయన ఒక ఏరేటర్ ఇరుసుకు వెల్డింగ్ పెడుతున్నారు. ఆ ఇరుసు తాలూకు రైతు పెద్దిరాజు మోటారు సైకిలుకు ఆనుకుని ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పన్నెండింటికి బస్సండి. ముందు మాది చూడండి, మీకు దణ్ణం పెడతాను" అంది శ్రీదుర్గ.

భాస్కరం గారు కళ్లద్దాలు పైకి తోసి పెద్దిరాజు వంక చూశారు.

"నాలుగు ఏరేటర్లలో రెండే తిరుగుతున్నాయండి మేడమ్ గారూ" అన్నాడు పెద్దిరాజు. "మబ్బు చూశారు కదా. ఆక్సిజన్ చాలక రొయ్య అప్పుడే పైకి తేలుతోందని మా ఆవిడ ఫోన్ చేసింది. ఇంకో పూట ఆగితే వలేసి చచ్చింది ఎత్తుకోవడమే."

శ్రీదుర్గ ఆకాశం వంక చూసింది.

"వెల్డింగ్ చల్లారితే గాని ఇరుసు లేతు మీద పెట్టలేను. అందాకా మీది చూస్తాను" అన్నారు భాస్కరం గారు.

ఫోర్కును గుడ్డ చుట్టి బల్లకున్న వైస్ పట్టులో బిగించారు. బోల్టు తలను దగ్గరగా చూశారు, వేలితో తడిమారు.

"దీన్ని ఇనప సుత్తితో కొట్టారు. ఎవరండీ కొట్టింది?"

పూజిత తలెత్తి శ్రీదుర్గను చూసింది.

"నేనే" అంది శ్రీదుర్గ. "తుప్పు కాదు పూజితా. నేను కొట్టాను. నీకు చెప్పలేకపోయాను."

పూజిత బయటికి వెళ్లి, పెద్దిరాజు మోటారు సైకిలుకు అటు పక్కన రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

భాస్కరం గారు డ్రిల్లుతో బోల్టు తల తొలిచేశారు. కింది కవచం ఊడి వచ్చింది. రాడ్డులో మిగిలిపోయిన ముక్కను పటకారుతో పట్టి, విరగకుండా, చెవి దగ్గర పెట్టి వింటున్నట్టుగా కొద్దికొద్దిగా తిప్పి తీశారు. రాడ్డు లోపల మొదటి రెండు మరలు అణిగిపోయాయి.

"మరలు కోసే ట్యాప్ వేసి సరిచేస్తాను. ఇంకొక్క మర చెడితే మాత్రం రాడ్డు పనికిరాదు. వెయ్యమంటారా?"

శ్రీదుర్గ రోడ్డు వైపు చూసింది. "పూజితా, నువ్వు చెప్పు" అంది గట్టిగా.

"వెయ్యమనండి" అంది పూజిత, వెనక్కి తిరగకుండానే.

ట్యాప్ దిగింది. ఒక చుట్టు ముందుకు, సగం చుట్టు వెనక్కి. ఇనప రజను నూనెతో కలిసి నల్లగా బయటికి వస్తుంటే శ్రీదుర్గ గోడకు ఆనుకుని నిలబడింది. మరలు దక్కాయి.

కొత్త బోల్టు కోసం భాస్కరం గారు స్టీలు రాడ్డు ముక్క లేతుకు పెట్టారు. ముక్క సన్నబడింది, మర సగం తెగింది. అంతలో ఇరుసు చల్లారింది. ఆయన లేతు ఆపి, బోల్టు తీసి బల్ల మీద పెట్టారు.

"సగంలో ఆపేశారేంటండీ?" అంది శ్రీదుర్గ.

"ఆయన ముందొచ్చారమ్మా."

పది ముప్పావు అయింది. ఇరుసు తిరుగుతోంది. పెద్దిరాజుకు రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండోసారి అతను "ఎన్ని?" అని మాత్రం అడిగి పెట్టేశాడు. శ్రీదుర్గ బల్ల మీద సగం బోల్టును చూస్తూ కూర్చుంది. పెద్దిరాజు మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు.

పదకొండు దాటగానే పెద్దిరాజు ఇరుసు తీసుకుని వెళ్లిపోయాడు. అప్పటికప్పుడు బోల్టు పూర్తయింది. నూనె కారకుండా ఆపే పాత వాషరు నలిగిపోయింది. డీజిల్ ఇంజనుకు వేసే రాగి వాషరొకటి వెతికి భాస్కరం గారు బోల్టుకు సరిపడేలా రుద్దారు. శ్రీదుర్గ సీళ్లు కూర్చోబెట్టి, కాళ్లలో ఆయిల్ పోసింది. ఎలన్ కీ అందుకుంది. పూజిత వచ్చి ఆమె చేతిలోంచి ఎలన్ కీ తీసుకుని బోల్టు తానే బిగించింది.

"గట్టిగా వద్దమ్మా. మరలు మెత్తగా ఉన్నాయి" అన్నారు భాస్కరం గారు.

బస్సు కదలబోతుండగా సైకిలుతో సహా ఎక్కారు. రాజమండ్రిలో బస్సు మారారు. గోకవరం దాటాక పూజిత అంది.

"పొద్దున్నే చెప్పుంటే బాగుండేది మేడమ్. నీళ్లలో ఎందుకు దించానా అని షాపుకి వచ్చేదాకా నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను."

"తప్పయిపోయింది" అంది శ్రీదుర్గ.

ఆరూ యాభైకి తనిఖీ బల్ల దగ్గరికి చేరారు. అక్కడి మనిషి ఫోర్కును రెండుసార్లు నొక్కి చూసి, నంబరు కట్టాడు.

మర్నాడు పొద్దున్న మూడు చుట్ల పోటీ. రెండో చుట్టులో పూజిత మూడో స్థానంలో దిగింది. రాళ్ల మలుపు దగ్గర నిలబడ్డ శ్రీదుర్గ ఆమె ముఖం చూడలేదు, ఫోర్కునే చూసింది. అది దిగింది, లేచింది. మూడో చుట్టులో అదే మలుపు దగ్గరికి పూజిత నాలుగో స్థానంలో వచ్చింది. మోచేతులు బిగుసుకుని ఉన్నాయి. ఫోర్కు దిగిందో లేదో ఈసారి తెలియలేదు.

తొమ్మిది సెకన్ల తేడాతో నాలుగో స్థానం. జాబితాలో మూడు పేర్లు చదివి ఆపేశారు.

పూజిత గడ్డిలో పడుకుని ఊపిరి తీసుకుంటోంది. శ్రీదుర్గ పక్కన కూలబడింది.

"ఫోర్కు పట్టేసిందా?"

"లేదండి. బాగానే ఉంది" అంది పూజిత కళ్లు మూసుకునే. "ఆఖరి ఎత్తులో నా కాళ్లే ఆగిపోయాయి. మన వంతెన అంత పొడుగుండదు కదండీ."

శ్రీదుర్గ సైకిలు దగ్గరికి వెళ్లింది. కుడి కాలి చివర, రాగి వాషరు చుట్టూ నూనె చెమ్మ ఉంది. చక్రం ఇరుసు మీదుగా ఒక సన్నని చార కారి మట్టిలో ఇంకిపోయింది. కొద్దిగానే కారిందా, మొత్తం కారిపోయిందా? ఫోర్కును ఒక్కసారి నొక్కి చూస్తే, పూజిత అన్నది నిజమో కాదో తెలిసిపోతుంది. హ్యాండిల్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

వెనక్కి చూస్తే పూజిత కళ్లు తెరిచి ఆమెనే చూస్తోంది.

శ్రీదుర్గ చేతులు తీసేసి, తిరుగు బస్సు కోసం చక్రం విప్పడానికి వంగింది.