నలభై ఒకటో బల్ల, రెండో బంతి

"అన్నీ కలిపే మేడమ్. దాదాపు అన్నీ" అన్నాడు ట్రావెల్స్ ఆఫీసులో కళ్ళజోడాయన.

నేను ఆ 'దాదాపు' దగ్గరే ఆగిపోయాను. ఆస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజర్‌ని నేను. వార్డు నుంచి ఫోన్ చేసి "దాదాపు అన్ని దుప్పట్లూ పంపేశాం" అంటే, రానివెన్నో తేల్చేదాకా నాకు ముద్ద దిగదు.

"దాదాపు అంటే?"

"భోజనం, టిఫిను, కాఫీ, జ్యూసులు, గదిలో వైఫై, సాయంత్రం పాటలు, వడ్డించేవాళ్ళ టిప్పులు, అన్నీ టికెట్లోనే. ఒడ్డున దిగి ఊళ్ళు చూడ్డం, మసాజ్, మందు, ఇవి మాత్రం విడిగా."

"ఊళ్ళు ఓడ మీద నుంచి చూస్తాం. ఒళ్ళు పట్టించుకునే సరదా లేదు. మందు మా ఆయన ముట్టడు. అయితే మాకు అన్నీ కలిసినట్టే" అన్నాను.

ఆయన నవ్వి ఫారం నా ముందుకు జరిపాడు. పేర్లు, పుట్టిన తేదీలు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ రాశాను. చివర్లో రాత్రి భోజనం ఏ వేళకో అడిగారు. ఓడలో జనం ఎక్కువ కాబట్టి రెండు బంతులుగా వడ్డిస్తారట. మొదటిది అయిదున్నరకి, రెండోది ఎనిమిదింపావుకి. మా ఆయన పేరు పక్కన అయిదున్నర రాశాను. నా పేరు పక్కన ఎనిమిదింపావు రాశాను.

"ఇద్దరికీ వేరు వేరు వేళలా మేడమ్?" అని అడిగాడాయన పాపం.

"ఆయన వేళ ఆయనది, నా వేళ నాది" అన్నాను, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

నా తెలివి తెల్లారినట్టే ఉందని నాకు ఓడ ఎక్కేదాకా తెలియలేదు.

మా సంగతి చెప్పాలి. మా ఆయన బేకరీలో మాస్టరు. సాయంత్రం అయిదున్నరకి తిని, ఆరింటికి బయల్దేరి, రాత్రంతా ఓవెన్ ముందు నిలబడి, పొద్దున్న ఏడింటికి ఇల్లు చేరేవాడు. నేను ఎనిమిదింటికి లాండ్రీకి వెళ్ళి ఆరున్నరకి వచ్చేదాన్ని. పొద్దున ఆ ఒక్క గంటా ఆయన స్నానంలో, నేను వంటింట్లో. ఆయనకి సెలవు మంగళవారం, నాకు ఆదివారం. సెలవు రోజున ఆయన నిద్ర బాకీ తీర్చుకునేవాడు, నేను ఇంటిపని బాకీ తీర్చుకునేదాన్ని. మా అమ్మాయి పుట్టినప్పుడు ఇద్దరం కూర్చుని వేసుకున్న ఏర్పాటే ఇది. పిల్ల ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి అనుకున్నాం. మధ్యలో ఉన్న చిన్న ఖాళీని పక్కింటి పిన్నిగారు పూడ్చేవారు. పిల్ల పెరిగింది, చదివింది, ఉద్యోగమొచ్చి వేరే ఊరు వెళ్ళింది. ఏర్పాటు మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళయినా అలాగే ఉండిపోయింది. మార్చుకోవచ్చని ఇద్దరికీ తట్టలేదు.

మరి కాపురం ఎలా చేశారంటారా? ఫ్రిజ్ తలుపుకి దారంతో కట్టిన నోట్‌బుక్‌లో చేశాం. "పాలు కాచాను." "పాపకి దగ్గు, సిరప్ మూడింటికి." "సాయంత్రం వాన పడేలా ఉంది, గొడుగు మర్చిపోకు." "కూరలో ఉప్పెక్కువైంది, తిట్టుకోకండి." అలాంటి పుస్తకాలు ఇరవై పైచిలుకు ఉంటాయి అటక మీద.

ఇప్పుడు బేకరీ మూసేస్తున్నారు. వచ్చే ఒకటో తారీఖు నుంచి మా ఆయన ఇంట్లోనే ఉంటాడు. రాత్రి పడుకుని పొద్దున లేస్తాడు, నాలాగే. అందరూ "ఇంకేం, హాయిగా ఉండండి" అంటున్నారు. నాకేమో గుండెల్లో రాయి పడింది. పోయిన నెల ఆయనకి జ్వరమొచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టినప్పుడు తెలిసింది నాకు. సాయంత్రం ఎదురెదురుగా కూర్చున్నాం. "తిన్నావా?" అన్నాడు. "తిన్నాను. మీరు?" అన్నాను. "తిన్నాను" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఫ్యాను వంక చూశాం. నాలుగు సాయంత్రాలూ ఆ ఫ్యానే మాకు దిక్కయింది. లాండ్రీలో నోరు మూయని మనిషిని నేను. ఇంట్లో మొగుడి ముందు కూర్చుంటే మాట పెగల్లేదు.

అందుకే ఓ పని చేశాను. నైట్ డ్యూటీకి మార్చమని లాండ్రీలో ఇచ్చే ఫారం తెచ్చి, నింపి, సంతకం చేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఆయన రాత్రి డ్యూటీ దిగితే నేను ఎక్కుతాను. కాపురం మళ్ళీ పాత పద్ధతిలో సాగిపోతుంది. 'కారణం' అన్న చోట మాత్రం ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. ఈలోగా అమ్మాయి పట్టుబట్టింది, నాన్న రిటైరవుతున్నాడు, ఎక్కడికైనా వెళ్ళి రండి అని. సరే, ఈ వారం రోజుల ఓడ ప్రయాణంలో చూద్దాం అనుకున్నాను. మాటలు కలిస్తే సరేసరి. కలవకపోతే దిగిన మర్నాడే ఫారం ఇచ్చేస్తాను.

ఓడ బాగుంది, అబద్ధమెందుకు. గది చిన్నదే కానీ కిటికీ నిండా సముద్రం. దుప్పట్లు చూశాను, మూలలు తీర్చి మడిచారు, వంక పెట్టడానికి లేదు. తువ్వాలుని మాత్రం ఏనుగులా చుట్టి మంచం మీద కూర్చోబెట్టారు. దాన్ని విప్పి మామూలుగా మడిచేదాకా నా చెయ్యి ఊరుకోలేదు. బల్ల మీద రెండు కార్డులున్నాయి. రెండింటి మీదా 'బల్ల నలభై ఒకటి'. ఒక దాని మీద అయిదున్నర, ఇంకో దాని మీద ఎనిమిదింపావు.

మా ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"నేనే రాశానండీ. అలవాటులో రాసేశాను" అన్నాను.

"ఓడలో కూడా షిఫ్టులేనా!" అని నవ్వాడు.

భోజనాల హాలు చూసుకునే పెద్దావిడని అడిగితే మొదటి బంతి నిండిపోయింది, రెండోదీ నిండిపోయింది, కుర్చీ ఉన్నా బంతికి ఇన్ని ప్లేట్లే అని వంటింటి లెక్క, ఖాళీ వస్తే చెబుతాను అంది. పై అంతస్తులో ఎవరికి వాళ్ళు వడ్డించుకునే హాలు ఇంకోటి ఉంది. రాత్రికి అక్కడే తినేద్దామా అని అడిగాను. "మన పేరు మీద బల్ల వేసి ఉంచారు కదా. వెళ్ళకపోతే వండినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. బేకరీ మనిషి, వంటవాళ్ళ పక్షమే. నేను కూడా గట్టిగా అనలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

మర్నాడు ఆ పై హాల్లో కలిసి మధ్యాహ్నం తిన్నాం. అక్కడ ఫ్యాను లేదు కాబట్టి ఇద్దరం సముద్రం వంక చూశాం. పెద్ద సముద్రం. చాలాసేపు చూశాం.

ఆ సాయంత్రం నా బంతి వేళకి వెళ్ళి కూర్చున్నాను. వెయిటరు, పొడుగాటి మనిషి, రుమాలు పరుస్తూ కింద నుంచి ఓ కాగితం తీసి నాకిచ్చాడు. "సార్ ఇచ్చి వెళ్ళారు మేడమ్."

ఆ రోజు ఓడ కార్యక్రమాల కాగితం వెనక, ఆయన దస్తూరీ. "సూప్ వద్దు, చప్పగా ఉంది. చేప చాలా బాగుంది. రొట్టె ఈరోజుదే కానీ ఓవెన్‌లోంచి రెండు నిమిషాలు ముందే తీశారు. ఈ కుర్చీకి ఏసీ తగులుతోంది, నువ్వు ఎదుటిది తీసుకో. నీ శాలువా వెయిటర్‌కి ఇచ్చాను."

శాలువా నిజంగానే ఉంది. ఎదుటి కుర్చీలోకి మారి, కప్పుకుని, చేప తెప్పించుకున్నాను. బాగానే ఉంది. నా కళ్ళలో నీళ్ళు ఊరాయి, దానికి చేప మీద నేరం మోపలేను.

తినడం అయ్యాక కాగితం అడిగి, జవాబు రాసి వెయిటర్ చేతిలో పెట్టాను, రేపు ఆయనకి ఇవ్వమని. ఇలా మూడు రోజులు నడిచింది. పగలు సముద్రం, సాయంత్రం ఉత్తరాలు. వెయిటరు మా ఇద్దరి మధ్య పోస్ట్‌మ్యాన్ అయ్యాడు. ఓడ బేకరీ వాళ్ళతో స్నేహం పట్టానని రాశాడు మా ఆయన. పొద్దున డెక్కు మీద ఒక ముసలాయన రోజూ నాకు తన మనవరాలి ఫొటోలే చూపిస్తున్నాడని నేను రాశాను. "నువ్వూ మన అమ్మాయివి చూపించు, ఓడించెయ్" అని జవాబొచ్చింది. ఒంటరిగా కూర్చుని పకపకా నవ్వాను. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు.

నాలుగో రోజు హాలు పెద్దావిడ వచ్చి చెప్పింది. "మొదటి బంతిలో ఒకరికి కడుపులో తిప్పుతోందట, గదిలోనే తింటానన్నారు. రేపు మీరిద్దరూ కలిసి కూర్చోవచ్చు."

సంతోషించాలి కదా? నాకు భయం పట్టుకుంది. కాగితం మీద ఇంత ముచ్చటగా ఉన్న మనిషి ఎదురుగా కూర్చుంటే మళ్ళీ ఫ్యానే గతి అవుతుందేమోనని. ఆ రాత్రి హ్యాండ్‌బ్యాగు తెరిచి ఫారం ఉందో లేదో చూసుకున్నాను. ఉంది.

అయిదో రోజు అయిదున్నరకి ఇద్దరం నలభై ఒకటో బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన తెల్లచొక్కా వేసుకున్నాడు. నేను జుట్టు కాస్త శ్రద్ధగా దువ్వుకున్నాను. వెయిటరు మమ్మల్ని చూసి పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా మురిసిపోయి, రొట్టె పెట్టి వెళ్ళాడు.

"బాగుంది కదా హాలు" అన్నాడు మా ఆయన.

"బాగుందండీ" అన్నాను.

అంతే. నేను గ్లాసు జరిపాను. ఆయన చెంచా సర్దాడు. మా తలల మీద దీపాల గుత్తి ఒకటి వేలాడుతోంది, ఇద్దరి చూపూ మెల్లగా అటు పోవడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇక ఊరుకోలేక హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి, దొరికిన కాగితం తీసి, దాని వెనక "రొట్టె ఎలా ఉంది?" అని రాసి ఆయన ముందుకి తోశాను.

చూశాడు. భుజాలు కదిలేలా నవ్వి, చెయ్యి చాచి పెన్ను అడిగాడు. "ఇవాళ సరిగ్గా తీశారు. నేను చెబితేనే."

"గొప్పలకేం తక్కువ లేదు" అని రాశాను.

"ఆ చీరలో బాగున్నావు."

"ఇది ఆరేళ్ళ కిందటిది."

"నేను చూడలేదు. నువ్వు కట్టుకునే వేళకి నేను స్నానంలో ఉండేవాణ్ణి."

ఇలా రాసుకుంటూ పోయాం. సూప్ చల్లారింది. వెయిటరు వచ్చి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కాగితం నిండింది. ఆయన ఇంకేదో రాద్దామని దాన్ని తిప్పాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, అది ఏ కాగితమో.

లాక్కుందామంటే చెయ్యి రాలేదు. ఆయన పైనుంచి కింది దాకా చదివాడు. నైట్ డ్యూటీ. వచ్చే ఒకటో తారీఖు నుంచి. నా సంతకం. ఓడ టికెట్లు కొనకముందు తారీఖు. ఆయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మనిషిని ఎప్పుడూ అంత బాధపెట్టలేదు నేను.

పెన్ను తీశాడు. నా సంతకం కొట్టేస్తాడనుకున్నాను. 'కారణం' అన్న ఖాళీ గీత మీద నిదానంగా రాసి, కాగితం నా వైపు తిప్పాడు.

"మా ఆయన మాట్లాడడు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అది కాదండీ... మీరొక్కరే కాదు, నాకూ మాట రావట్లేదు. భయమేసింది" అన్నాను.

"నాకు మాత్రం వెయ్యలేదా?" అన్నాడు. తల దించుకుని రొట్టె ముక్క తుంచుతూ చెప్పాడు. "బేకరీ నుంచి ఇంటికి వచ్చే దారిలో నీకు చెప్పాల్సినవన్నీ వరసగా అనుకుంటూ వచ్చేవాణ్ణి. వచ్చేసరికి నువ్వు హడావిడిలో ఉండేదానివి. నాలుగు ముక్కలు పుస్తకంలో రాసేవాణ్ణి, మిగతాది మింగేసేవాణ్ణి. ఇప్పుడు ఎదురుగా నువ్వుంటే... ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదే."

ఇంతసేపు ఆయన ఏకబిగిన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వింటూ ఆ చేతులు చూశాను. మణికట్టు మీద ఓవెన్ తలుపు కాల్చిన మచ్చలు. "చెయ్యి కొంచెం కాలింది" అని పుస్తకంలో ఎన్నిసార్లు రాశాడో. నేను "మందు రాసుకోండి" అని జవాబు రాసి డ్యూటీకి పోయేదాన్ని. ఆ మచ్చ మీద నా చెయ్యి పెట్టాను.

ఆయన రెండో చేత్తో ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "కాగితం అయిపోయింది. ఇక నోటితోనే చెప్పుకోవాలి. ముందు నువ్వు చెప్పు."

"ఏం చెప్పను?"

"పుస్తకంలో పట్టనివి."

అమ్మాయికి మొదటి పన్ను ఊడిన రోజుతో మొదలుపెట్టాను. "పన్ను ఊడింది, సబ్బుపెట్టెలో ఉంది" అని మాత్రమే రాశాను అప్పట్లో. ఆ పన్ను కోసం అది చేసిన రాద్ధాంతం, నాన్న వచ్చేదాకా నోరు మూయనని, చూపించాలని, నోరు తెరుచుకునే నిద్రపోవడం, ఇవేవీ రాయలేదు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "పొద్దున్నే నేను చూశాను. నోరు అలాగే తెరిచి ఉంది. జలుబేమో అనుకున్నాను" అన్నాడు. ఆ తర్వాత ఆయన అందుకున్నాడు. మధ్యాహ్నాలు అమ్మాయి బడి నుంచి వచ్చాక ఇద్దరూ నాకు తెలియకుండా చేసిన వెధవ పనులన్నీ ఒక్కొక్కటే బయటపెట్టాడు. నా పాత గొడుగు ఎలా విరిగిందో ఇన్నేళ్ళకి తేలింది.

ఎప్పుడు తిన్నామో, ఏం తిన్నామో గుర్తు లేదు. చుట్టూ బల్లలు ఖాళీ అయ్యాయి. వాటి మీద కొత్త గుడ్డలు పరుస్తున్నారు, మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా నేను చూడలేదు. వెయిటరు మొహమాటపడుతూ వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, మొదటి బంతి అయిపోయింది. రెండో బంతి వాళ్ళు వచ్చేస్తున్నారు."

నేను హ్యాండ్‌బ్యాగులోంచి నా పాత కార్డు తీసి బల్ల మీద పెట్టాను. బల్ల నలభై ఒకటి, ఎనిమిదింపావు.

"నాది రెండో బంతే కదండీ" అన్నాను.

వెయిటరు మా ఆయన వంక చూశాడు. ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కున్నాడు.

"నేను ఈవిడ తాలూకు" అన్నాడు.