చిటికెనవేలి రాణి

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. తపాలా బిళ్లంత గాజు పలక, దానిపైన చిన్న తెర, వెనక కాగితపు చుట్ట. ఎదుట నిలబడిన మనిషి ఆ మనిషేనా కాదా అని తేల్చడం నా ఉద్యోగం. కొందరు జీవితమంతా వెతుక్కునే ఆ జవాబును నేను ఆరు సెకన్లలో చెప్పాలి.

కర్మాగారంలో నన్ను పరీక్షించినవారు బల్లల ముందు కూర్చుని పనిచేసే యువకులు. వారి వేళ్ల గీతలు కొత్త పుస్తకంలోని అచ్చులా స్పష్టంగా ఉండేవి. వందమందినీ గుర్తుపట్టాను. లోకంలోని వేళ్లన్నీ ఇంతేనన్న నమ్మకంతో జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఒక ఊరికి, వీరేశం నడిపే రేషన్ దుకాణానికి వచ్చాను.

అక్కడ నా చదువు చాలలేదు. తునికాకును తడిపి, కత్తిరించి, పొగాకు పోసి, రోజుకు ఎనిమిది వందల సార్లు వేళ్ల మధ్య దొర్లించే స్త్రీలు వచ్చేవారు. వారి బొటనవేళ్లు వాగులో దొర్లిన గులకరాళ్లలా నున్నగా ఉండేవి. నాకు కనిపించేది ఒక మసక మాత్రమే. "సరిపోలలేదు" అనేదాన్ని. నేను తిప్పి పంపిన ప్రతి మనిషి వంతు బియ్యమూ పై కార్యాలయపు నివేదికలో "ఆదా" అనే గడిలో చేరేదని తరువాత తెలిసింది. దొంగను ఆపినా, ఆకలిగొన్న మనిషిని ఆపినా, ఆ గడిలో అంకె ఒక్కలాగే పెరుగుతుంది.

ఆడెపు బుచ్చవ్వ అలా రెండు నెలలు వట్టి సంచితో తిరిగిపోయింది. యాభై ఎనిమిదేళ్ల ఒంటరి మనిషి. ఫోనుకు అంకెలు పంపి పని కానిచ్చే దారి ఉందిగానీ, ఆధార్‌లో ఉన్న ఆమె నంబరు ఏనాడో మూతబడింది. మూడో నెలా బియ్యం ఎత్తకపోతే కార్డు ఆగిపోతుందని వీరేశం ముందే హెచ్చరించాడు. ఆ మూడో నెల పదిహేనో తారీఖున, పంపిణీకి చివరి రోజున, నిమ్మచెక్కతో రుద్దుకున్న వేలితో ఆమె మళ్లీ వచ్చింది.

ఆ రోజు దుకాణంలో ఒక మూల హైమవతి గారు కూర్చుని ఉన్నారు. డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధించే అధ్యాపకురాలు. మూడు రోజులుగా గడియారం చూస్తూ, ఒక్కొక్కరికి ఎంత సమయం పడుతోందో రాసుకుంటున్నారు. ప్రభుత్వం బియ్యానికి ధర కట్టింది గానీ, వరుసలో నిలబడి పోగొట్టుకునే పూటకు కట్టలేదన్నది ఆమె వాదం.

బుచ్చవ్వ ఎడమ బొటనవేలు పెట్టింది. ఎర్ర అక్షరాలు చూపాను. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపే.

"ఏంది వీరేశం, నీ డబ్బ నన్ను సచ్చిపోయిందనుకుంటున్నదా?"

"నేనేం జెయ్యాలె బుచ్చవ్వా? నీ ఏలు మీద గీతలే లేవాయె. బీడీలు సుట్టి సుట్టి అరగ్గొట్టుకున్నవ్."

"సుట్టకుంటే నువ్వు గంజి పోస్తవా మరి?"

వరుస గొల్లున నవ్వింది. హైమవతి గారు నవ్వలేదు. తన పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పుతున్నారు.

"వీరేశం గారూ, మూడు రోజుల్లో రెండు వందల మంది వచ్చారు. ఏ వేలు పెట్టాలో మీరు ఒక్కరికీ చెప్పలేదు. అయినా అందరూ ఎడమ బొటనవేలే పెట్టారు. ఎందుకు?"

వీరేశం తెల్లబోయాడు. "ఏలిముద్రంటే గదే గద మేడమ్! పట్టా కాయితమైనా, బ్యాంకైనా, తాతల కాన్నుంచి ఎడమ బొటనేలే."

అదీ సంగతి. "వేలిముద్ర" అన్న ఒక్క మాటలో, తరతరాలుగా సిరా పూసుకున్న ఎడమ బొటనవేలు దాగి ఉంది. ఆధార్‌లో పది వేళ్లూ ఉన్నాయి. ఏది పెట్టినా నాకు సమ్మతమే. కానీ అడగని ప్రశ్నకు జవాబు చెప్పే సదుపాయం నాలో ఎవరూ అమర్చలేదు.

"బుచ్చవ్వ గారూ, బీడీ ఎలా చుడతారో ఒకసారి చూపిస్తారా?" అని అడిగారు హైమవతి గారు.

బుచ్చవ్వ ఆకు లేకుండానే గాలిలో చుట్టింది. నాలుగు వేళ్లు చకచకా కదిలాయి. కుడిచేతి చిటికెనవేలు మాత్రం దూరంగా, నిటారుగా నిలబడి చూస్తోంది.

"ఆ వేలు?"

"ఇదా? ఇది ఏ పని ముట్టది బిడ్డా. రాణి. గిట్లనే నిలవడి అజమాయిషీ జేస్తది."

"అయితే ఆ రాణిగారినే పిలవండి."

చిటికెనవేలు గాజును తాకింది. ఆ ఊళ్లో అంత చక్కని గీతలు నేను చూడలేదు. కర్మాగారపు యువకులు గుర్తొచ్చారు. తెర పచ్చబడింది. చీటీ గరగరమంటూ బయటికి వచ్చింది. దుకాణమంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. అందులో నాదీ ఉందంటే నమ్మండి.

"సూస్తివా వీరేశం!" అంది బుచ్చవ్వ, సంచి నోరు విప్పుతూ. "పని జేసిన ఏళ్లేమో పనికిరాకపాయె. పని ముట్టని రాణి బువ్వ దెచ్చె!"

హైమవతి గారు ఆ వాక్యాన్ని అంకెల పక్కన యథాతథంగా రాసుకున్నారు. అది ఏ సిద్ధాంతానికి పనికివచ్చిందో నాకు తెలియదు. వీరేశం మాత్రం ఆ సాయంత్రమే గోడమీద సుద్దతో "ఏ వేలైనా సరే" అని రాశాడు. మరుసటి నెలలో తిరిగిపోయినవారు ఇద్దరే. వరుసలో స్త్రీలు "రాణిని తెచ్చినవా?" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. మా దుకాణం గడిలో "ఆదా" ఎందుకు తగ్గిందని పై కార్యాలయం సంజాయిషీ అడిగితే, వీరేశం ఒక్క ముక్కలో బదులు పంపాడు: "వేళ్లు పెరిగినవి."

నాలుగేళ్లకు నాకు వార్ధక్యం వచ్చింది. వేలితోపాటు కంటిపాపనూ చూడగల కొత్త యంత్రం నా చోటికి వచ్చింది. నన్ను గోదాముకు పంపేందుకు అట్టపెట్టెలో పెట్టారు. మూత ఇంకా వేయలేదు, మాటలు వినిపిస్తున్నాయి.

"బుచ్చవ్వా, ఇగ ఏలుతోని పనిలేదు. కన్ను సూపియ్యి."

"కంట్లె శుక్లమున్నది కొడుకా. ముందుగాల దాన్నడుగు, మా రాణి ఎరుకేనా అని."

కొత్త గాజు మీద వేలు ఆనిన చిన్న చప్పుడైంది. తరువాత చీటీ గరగరమంటూ బయటికి వచ్చిన చప్పుడు, ఆ వెంటనే సంచిలోకి జలజలా బియ్యం పడుతున్న చప్పుడు వినిపించాయి.

ఇక మూత వేసినా నాకు అభ్యంతరం లేదనిపించింది.