తొమ్మిదో మెలిక

ఆ వీధిలో ఆమెని అందరూ కత్తెరమ్మ అంటారు. కత్తెర పట్టి ఇరవై ఆరేళ్లయింది. తలుపు తోసుకుని వచ్చిన మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే ఆ తల జాతకం చెప్పేస్తుంది. నీది పట్టుకుచ్చు, నూనె తగ్గించు. నీది నొక్కుల జుట్టు, రోజూ రుద్ది పీచు చేసుకుంటున్నావు. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనన్న బెంగ ఆమెకి ఏ కోశానా లేదు. కోపం ముక్కుమీద ఉన్నా పనితనం వేళ్లలో ఉంది గనక, జనం తిట్లు తిని మరీ మళ్లీ వస్తారు.

ఆమె పార్లర్‌లో అన్నిటికంటే పెద్ద శాసనం ఒకటుంది. తడి తలమీద దువ్వెన పడకూడదు. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగింది తెగుతుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు ఎంతమందో ఈ ఒక్క మాట దగ్గర చీవాట్లు తిన్నారు.

అంతటి కత్తెరమ్మ ఇప్పుడు ఏడేళ్ల పిల్ల ముందు చేతులెత్తేసింది.

ఆ పిల్ల ఆమె తమ్ముడి కూతురు. పుట్టినప్పుడు చిన్నగా, నల్లగా, ముట్టుకుంటే చుర్రుమనేలా ఉందని వాళ్ల నాన్న మిరియం అని పిలిచాడు. ఆ పేరే నిలిచిపోయింది. రెండు నెలల క్రితం వాళ్లమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రికి వెళ్లి, మళ్లీ రాలేదు. తమ్ముడు లారీ తోలతాడు, వారానికి ఐదు రోజులు రోడ్డుమీదే ఉంటాడు. అందుకని పిల్లని అక్క దగ్గర దింపాడు. మిరియం బట్టల సంచీతో వచ్చింది, నోరు విప్పకుండా అన్నం తింది, చెప్పినచోట పడుకుంది. తలమీద మాత్రం ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

ఆ జుట్టు అచ్చం వాళ్లమ్మదే. బిగుతైన ఉంగరాలు, చిక్కటి నలుపు, మొహం చుట్టూ గుబురుగా నిలబడి భుజాల దాకా కూడా రాదు. మెడ వెనక అది అరచేయంత మేర అట్టకట్టుకుపోయింది. దాని కింద చర్మం ఒరుసుకుని పుండు పడింది. పిల్ల బోర్లా తప్ప పడుకోలేకపోతోంది. మందు రాసిన డాక్టరు, ఆ ఉండ అలా ఉన్నంతకాలం పుండు మానదన్నాడు, సోమవారం లోపల చిక్కు తీయండి, లేదా ఆ మేరకి కోసేయండి అన్నాడు. మిరియం అదంతా విన్నది. అప్పట్నుంచి ఒక చెయ్యి మెడ వెనకే ఉంచుకుని తిరుగుతోంది.

తమ్ముడు ఫోన్లో తేల్చి చెప్పేశాడు.

“తీసెయ్యక్కా. జుట్టే కదా, మళ్లీ వస్తుంది.”

జుట్టే కదా అన్నందుకు ఆమె వాడిని చెడామడా తిట్టి ఫోన్ పెట్టేసింది. తిట్టింది గానీ వేరే దారి తనకీ తోచలేదు. శనివారం సాయంత్రం సన్నపళ్ల దువ్వెన తీసుకుని, తన పద్ధతి ప్రకారం పొడి తలమీద, మాడు దగ్గర మొదలుపెట్టి కిందికి లాగింది. రెండు పళ్లు విరిగాయి, దువ్వెనవి. మిరియం ఏడవలేదు, పెదవి కొరుక్కుంది. అది చూడలేక ఆమే దువ్వెన పక్కన పడేసింది.

ఆదివారం పార్లర్‌కి సెలవు. సగం దింపిన షట్టర్ కింద నుంచి ఎండ లోపలికి పడుతోంది. అద్దం ముందు కుర్చీలో మిరియం, పిల్ల వెనక అత్త, అద్దం కింద బల్లమీద జుట్టు తీసే మిషను. ఇద్దరూ దాన్ని చూస్తూనే చూడనట్టు కూర్చున్నారు.

కత్తెరమ్మకి తమ్ముడి పెళ్లి గుర్తొచ్చింది. ఆ రోజు మరదలి తల చూసి, “నా దగ్గరికి రా, ఒక్క పూటలో సాపు చేసి పంపిస్తా,” అంది. సాయం చేస్తున్నాననే అనుకుంది. మరదలు నవ్వి, నా జుట్టుకి ఏ జబ్బూ లేదొదినా అంది. ఆ ఒక్క మాటతో ఇద్దరి మధ్యా ఎనిమిదేళ్లు ముక్తసరి పలకరింపులే నడిచాయి. మరదలు తన తల ఎలా చూసుకుంటుందో ఈమె అడిగిన పాపాన పోలేదు.

“మిరియం,” అంది చివరికి. “మీ అమ్మ నీకు చిక్కు ఎలా తీసేది?”

పిల్ల అద్దంలో అత్త మొహంలోకి చాలాసేపు చూసింది.

“ముందు తడిపేది.”

“తడిపితే తెగిపోతుంది తల్లీ.”

“అమ్మది తెగలేదుగా.”

ఆమె ఇరవై ఆరేళ్ల శాసనాన్ని పక్కనపెట్టి నీళ్ల స్ప్రే సీసా చేతిలోకి తీసుకుంది. మిరియం ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ఇంకా తడపాలి. ఆ తెల్ల కండిషనరు అరచెయ్యి నిండా తీసుకుని పట్టించాలి. దువ్వెన వద్దు, వేళ్లు చాలు. పైనుంచి కాదు, కొసలనుంచి, కొంచెం కొంచెంగా పైకి పోవాలి. పిల్ల చెప్పినట్టల్లా అత్త చేసింది. ఆమె చేత అంత బుద్ధిగా పని చేయించిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

నీళ్లు మొదట ఆ జుట్టుమీద పూసల్లా నిలబడ్డాయి. తర్వాత ఒక్కసారిగా లోపలికి ఇంకిపోయాయి. గుబురుగా ఉన్నదంతా ఆమె చూస్తుండగానే పాయలు పాయలుగా విడిపోయి, ప్రతి పాయా తనంతట తాను ఉంగరం చుట్టుకుంది. ఆమె ఒక ఉంగరాన్ని కొసన పట్టుకుని మెల్లగా లాగింది. అది చెవి దాటింది, భుజం దాటింది, వీపు మీదుగా దిగి నడుముకి తగిలింది. వదిలితే ఎగిరి మళ్లీ చెవి దగ్గరికి చేరింది.

కత్తెరమ్మ నోరు వెళ్లబెట్టింది. ఇంకో పాయ లాగింది. అదీ నడుము దాకా వచ్చి, అలాగే వెనక్కి పోయింది. పొట్టి జుట్టనుకుంది ఇన్నాళ్లూ. ఇంత జుట్టు ఈ బుర్రమీద ఎక్కడ దాక్కుందే అంటూ చిన్నపిల్లలా నవ్వేసింది. మళ్లీ లాగింది, మళ్లీ వదిలింది. మిరియం కూడా రెండు నెలల్లో మొదటిసారి కిసుక్కుమంది.

అంతా ఒక్క రకమూ కాదు. కణతల దగ్గర మెత్తటి వంపులు, మాడు మీద పెన్సిలుకి చుట్టి తీసినంత ఉంగరాలు, మెడ వెనక పెన్నులో స్ప్రింగంత సన్నవి. ఒకే తలమీద మూడు జాతులు, మూడూ వేటి దారిన అవి పెరుగుతున్నాయి. ఇలాంటి తలలు ఆమె కుర్చీలోకి చాలానే వచ్చాయి. వచ్చినవాటినల్లా వేడి ఇనుముతో అణచి సాపు చేసి పంపింది. ఒక్కదాన్నీ చూడలేదు. ఎంత అద్భుతం తన చేతుల కిందనుంచి పోయిందో ఇవాళ తెలిసి, తల కొట్టేసినట్టయింది.

ఇక మెడ వెనక భాగం మిగిలింది. పుండుకి తగలకుండా మెత్తటి గుడ్డ అడ్డం పెట్టి, ఆ ఉండలోకి కండిషనరు ఎక్కించి, వేళ్లు పోనిచ్చింది. రాలిన వెంట్రుకలు గుప్పెళ్లుగా ఊడొచ్చాయి. గంట గడిచేసరికి ఉండ సగమైంది. అప్పుడు ఆమె వేళ్లకి లోపల ఏదో తగిలింది. చిక్కుకి వరస ఉండదు. దీనికి ఉంది.

అది జడ. చిటికెనవేలంత సన్నటి జడ.

మిరియం చెయ్యి చటుక్కున వెనక్కొచ్చి దాన్ని పట్టుకుంది. ఉడుంపట్టు.

“అది విప్పొద్దత్తా. అమ్మ వేసింది.”

ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున వాళ్లమ్మ ఎనిమిది జడలు వేసిందట. స్నానాలకీ నిద్రకీ ఏడు ఊడిపోయాయట. ఇదొక్కటీ ఊడకుండా రోజూ గుప్పిట్లో పట్టుకుని పడుకునేదట. ఎవరికీ కనబడకుండా చుట్టూ జుట్టు కప్పేదట.

ఉంచితే పుండు ముదురుతుంది. కోసినా పోతుంది, విప్పినా పోతుంది. కత్తెరమ్మకి ఏడుపొచ్చింది, ముక్కు ఎగబీల్చి ఆపుకుంది. వంగి, ఆ జడని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. తను వేసే జడలో పక్కపాయ నడిమిపాయ మీదుగా వస్తుంది. ఇందులో ప్రతిసారీ కిందనుంచి వచ్చింది. బిగువంతా ఎడమవైపే ఉంది.

“మీ అమ్మది ఎడమచేతి వాటమా?”

“నీకెవరు చెప్పారు?”

“ఇదే చెప్పింది,” అంది ఆమె. “ఇలా చేద్దాం. దీన్ని నేను ఇప్పుడే విప్పను. దీనికి పైన, పుండు లేనిచోట, అచ్చం ఇలాంటిదే ఇంకోటి వేస్తాను. దీనిమీద నువ్వు వేలు పెట్టి ఒక్కో మెలికా లెక్కపెట్టు. తేడా వస్తే చెప్పు. సరిగ్గా వచ్చిందని నువ్వన్నాకే పాతది విప్పుదాం.”

మిరియం ఆలోచించింది. తర్వాత గుప్పిట వదిలి, జడ మొదట్లో వేలు పెట్టింది.

ఒకటి. కత్తెరమ్మ తన వాటాన్ని తిరగేసి, పాయని కిందనుంచి తెచ్చింది. వేళ్లు మొరాయించాయి. రెండు. మూడో మెలిక తప్పు అంది పిల్ల, అత్త విప్పి మళ్లీ వేసింది. నాలుగు, ఐదు. ఎంత సమానంగా వేసిందీ మనిషి! జబ్బు ఒళ్లంతా తినేస్తున్న రోజున, ఆసుపత్రికి బండి వచ్చేలోగా, మెలికకీ మెలికకీ వెంట్రుకంత తేడా లేకుండా. తనకన్నా మంచి పనిమంతురాలని ఆమె ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదోది వేసి బిగించింది.

“అలా కాదు,” అంది మిరియం. “అక్కడ వదులుగా ఉంటుంది.”

ఆమె పాత జడ చూసింది. నిజమే. తొమ్మిదో మెలిక ఒక్కటీ వదులుగా ఉంది. చేతులు జారినట్టుంది, బిగిస్తేనే బాగుంటుంది అనబోయింది.

“అక్కడ అమ్మకి దగ్గొచ్చింది,” అంది పిల్ల. “చాలాసేపొచ్చింది. తర్వాత మళ్లీ వేసింది.”

కత్తెరమ్మ తను వేసిన తొమ్మిదో మెలిక విప్పి, చేతులు అలాగే పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత ఆ మెలికని వదులుగా వేసింది. మిరియం పాతదాన్నీ కొత్తదాన్నీ వేళ్లతో తడిమి చూసి, తలూపింది. మిగిలిన ఐదు గట్టిగానే పడ్డాయి.

పద్నాలుగూ సరిపోయాయని మిరియం చెప్పాక, ఆమె పాత జడ కొస అందుకుంది. ఒక్కో మెలికా విప్పుతూ పైకి పోయింది. పద్నాలుగు, పదమూడు, పన్నెండు. విడిన ప్రతి పాయా తడి తగలగానే ఉంగరమై ముడుచుకుంది. పదకొండు, పది. తొమ్మిదో మెలిక దగ్గర ఆమె వేళ్లు కదలలేదు. ఎంతసేపైనా కదలలేదు.

మిరియం కొత్త జడని ముందుకి తెచ్చుకుని, వదులుగా ఉన్నచోట బొటనవేలు పెట్టి పట్టుకుంది.

“విప్పత్తా, పర్లేదు,” అంది. “అది ఇక్కడికొచ్చేసింది.”