పదిహేడో పేజీ

మా గ్రంథాలయం కింది గదిలోని పుస్తకాలకు ఆ రోజు సాయంత్రం నాలుగింటి వరకే గడువు. అధికారి సంతకం చేసిన జాబితాలో ఉన్నవి కొత్త భవనానికి వెళ్తాయి, లేనివి చిత్తుకాగితాల లారీ ఎక్కుతాయి. అక్కడున్న పన్నెండు వందల పుస్తకాలూ మా వదిన చేతుల్లో బాగుపడ్డవే. ఆవిడ ఇక్కడ బైండరు, నేను లైబ్రేరియన్ని. ఆరు రోజులపాటు మోకాలి నొప్పితోనే నిచ్చెన ఎక్కి దిగుతూ, ఒక్కో పుస్తకం బార్‌కోడ్‌ను స్కానర్‌తో చదివించింది. కింద కంప్యూటరు లేదు కాబట్టి నంబర్లన్నీ స్కానర్ కడుపులోనే ఉన్నాయి.

మధ్యాహ్నం రెండింటికి దాన్ని నా లినక్స్ కంప్యూటరుకు తగిలించాను. పెన్‌డ్రైవ్‌లా ఫోల్డరు తెరుచుకుంటుందనుకున్నాను. ఏమీ తెరుచుకోలేదు.

"నువ్వే ఏదో నొక్కి పాడుచేసుంటావు. అతికించడం తప్ప నీకేం తెలుసు?" అని వదిన మీద విరుచుకుపడ్డాను. నోటి దురుసు నాకు చిన్నప్పటినుంచీ ఉన్నదే. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

తగిలించిన పరికరాల జాబితా తెప్పించి చూశాను. మా స్కానర్ కీబోర్డుల వరుసలో ఉంది. అంటే అది ఫైళ్లు ఇచ్చే రకం కాదు, ఎవరో కూర్చుని టైపు చేసినట్టు నంబర్లు కొట్టే రకం. ఖాళీ పేజీ తెరిచి కర్సరు నిలబెట్టాను. దాచినవన్నీ పంపమని చెప్పే కోడ్, స్కానర్‌తో వచ్చిన పుస్తకంలో పదిహేడో పేజీలో ఉంది. చదివించాను. కుయ్‌మంది గానీ తెర మీద ఒక్క అంకె పడలేదు. తొమ్మిదిసార్లు చదివించాను, తొమ్మిదిసార్లూ అంతే. మూడు దాటింది. లారీ వచ్చి వాకిట్లో నిలబడ్డా సరే, లేచేది లేదనుకున్నాను.

వదిన ఆ పేజీ మీద బొటనవేలు నెమ్మదిగా జరిపి, "ఇక్కడ కాగితం మందంగా ఉంది" అంది.

అప్పుడు వెలిగింది నాకు. దొంగల చేతికి చిక్కినా గుర్తుపట్టేలా, మా దగ్గరికొచ్చిన ప్రతి పుస్తకానికీ అట్ట మీదే కాకుండా పదిహేడో పేజీలోనూ మా నంబరు స్టికర్ అతికిస్తాం. స్కానర్ పుస్తకాన్నీ వదల్లేదు. స్టికర్ సరిగ్గా ఆ కోడ్ మీదే కూర్చుంది; రెండూ నల్లగీతలే కావడంతో నాకు తేడా తెలియలేదు. అతికించింది వదినే, అతికించమని పంపింది మాత్రం నేను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆవిడ జిగురు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. తడిగుడ్డ అద్ది, పలుచని చెక్కపుల్లతో అంచు నుంచి కొద్దికొద్దిగా లేపసాగింది. పక్కనే ఇంకో కోడ్ ఉంది, అన్నీ చెరిపేయమని చెప్పేది. దాన్ని నేను అట్టముక్కతో మూసి రెండు చేతులా నొక్కి పట్టుకున్నాను. తొందరగా కానివ్వమని అనబోయి నాలుక కరుచుకున్నాను. మూడూ నలభైకి స్టికర్ చిరగకుండా వచ్చింది.

కోడ్ చదివించగానే తెర మీద నంబర్లు బిలబిలా దిగాయి. పన్నెండు వందలూ వచ్చాక, చివర్న ఒకే నంబరు తొమ్మిదిసార్లు పడింది. అది స్కానర్ పుస్తకానిది. నేను కసిగా చదివించిన ప్రతిసారీ పాపం అది బుద్ధిగా దాచుకుంది.

లారీ హారన్ వినబడేసరికి జాబితా మీద అధికారి సంతకం పడింది. వదిన స్టికర్‌ను ఆరబెడుతూ, నావైపు చూడకుండానే అడిగింది.

"ఇందాక నువ్వు నన్నన్న మాట కూడా ఆ స్కానర్ దాచుకుందా?"

"లేదు వదినా."

"అయితే నేనూ దాచుకోనులే" అని, స్టికర్‌ను పద్దెనిమిదో పేజీలో అతికించింది.